మిర్చికి ఉన్న దారి మనిషికి లేదు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అంటే 40–45 కిలోల బస్తా. సీజన్‌లో తెల్లారక ముందే గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉంటాయి. కొత్తవాళ్లు లోపలికి అడుగుపెడితే ముందు తుమ్ము, తర్వాత దగ్గు, ఆ తర్వాతే మాట. అక్కడ బేరం కుదిరిన తేజ రకం టిక్కీ కొన్నాళ్లు కోల్డ్ స్టోరేజీలో పడుకుని, లారీ ఎక్కి, రేవులో కంటైనర్లోకి చేరి, చైనాకో థాయ్‌లాండ్‌కో వెళ్తుంది. ఎక్కడా విమానం ఎక్కదు. 2020 జూలైలో అయితే గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చి నింపుకున్న పార్సిల్ రైలు నేరుగా బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు పోయింది. కరోనా భయంతో మనుషులు పక్క ఊరికి వెళ్లడానికే ఆలోచిస్తున్న రోజులవి. మిర్చి మాత్రం దేశం దాటేసింది.

నిజానికి ఈ పంటే మనది కాదు. పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంటే సగం భూగోళం చుట్టి ఇక్కడికి చేరింది, మిగతా సగం ఇప్పుడు ఇక్కడి నుంచి చుడుతోంది. అంతా నేల మీదా, నీళ్ల మీదా.

ఆ టిక్కీ వెనకాలే దాన్ని పండించిన రైతు కూడా బయల్దేరితే ఎంత దూరం వెళ్లగలడు?

విమానం ఎక్కకుండా ప్రపంచం చుట్టి రావడం కుదురుతుందా అంటే కుదురుతుంది. చేసి చూపించినవాళ్లున్నారు. డెన్మార్క్‌కు చెందిన టోర్‌బ్యోర్న్ పెడర్సన్ 2013 అక్టోబర్‌లో ఇల్లు వదిలాడు. ఒక్కసారి కూడా విమానం ఎక్కకూడదు, ప్రతి దేశంలో కనీసం 24 గంటలు ఉండాలి అని నియమం పెట్టుకున్నాడు. 203 దేశాలు తిరిగి 2023 మేలో ఆఖరిదైన మాల్దీవుల్లో అడుగుపెట్టాడు. మధ్యలో కరోనా వచ్చి హాంకాంగ్‌లో దాదాపు రెండేళ్లు ఇరుక్కుపోయాడు. చివరికి డెన్మార్క్ తిరిగి చేరింది కూడా కంటైనర్ నౌక మీదే. అంతకుముందు గ్రాహమ్ హ్యూస్ అనే బ్రిటన్ యువకుడు 2009 జనవరి 1న మొదలుపెట్టి 2012 నవంబర్‌లో దక్షిణ సూడాన్‌లో ముగించాడు.

తెలుగువాళ్లు కూడా ఉన్నారు. భారత నౌకాదళానికి చెందిన తారిణి అనే చిన్న తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్లలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా రేవుల్లో ఆగుతూ భూమి చుట్టూ తిరిగారు. ‘తెలుగువాళ్లు చేయగలరా’ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నకు కాలం చెల్లి చాలా ఏళ్లయింది.

కాకపోతే నౌకాదళం పంపితే వెళ్లడం వేరు, విజయవాడ స్టేషన్లో టికెట్ కొనుక్కుని బయల్దేరడం వేరు. యూరప్ యాత్రికుల కథలు చదివి దారి గీసుకుంటే లెక్క తప్పేది ఇక్కడే. వాళ్ల కథల్లో విలన్ సముద్రం. మన కథలో అట్లాంటిక్, పసిఫిక్ రెండూ తర్వాతి సంగతి. అన్నిటికంటే కష్టమైనది మొదటి అడుగు, అంటే భారతదేశం గడప దాటడం.

మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు తాళం

విజయవాడ జంక్షన్‌కు దేశంలో ఎటు నుంచైనా రైలుంది. చెన్నై–కోల్‌కతా హైవే ఊరి మీదుగానే పోతుంది. ఆసియా ఖండమంతా కలుపుతామని గీసిన ఆసియన్ హైవే పటంలో దాని నంబర్ 45. పటం చూస్తే ఆటోనగర్‌లో లారీ ఎక్కి ఇస్తాంబుల్‌లో దిగొచ్చనిపిస్తుంది. పటం అబద్ధం చెప్పదు కానీ నిజమంతా చెప్పదు.

పడమర వైపు చూస్తే, ఒకప్పుడు రాజమార్గం అదే. 1957లో లండన్ నుంచి కలకత్తాకు బస్సు నడిచింది. ఏప్రిల్‌లో బయల్దేరి జూన్ మొదట్లో చేరింది. ఒకవైపు టికెట్ 85 పౌండ్లు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్ మీదుగా ఢిల్లీ, ఖాట్మండూలకు వేలాదిమంది విదేశీ కుర్రకారు వచ్చిపోయారు. 1979లో ఇరాన్‌లో విప్లవం, అదే ఏడాది చివర్లో అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు. దారి అక్కడితో తెగింది. ఢిల్లీ–లాహోర్ మధ్య మిగిలిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019 ఆగస్టులో ఆగింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో అటారీ చెక్‌పోస్టు కూడా మూతపడింది.

తూర్పున బంగ్లాదేశ్. 2008లో మొదలైన కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2024 జూలైలో నిలిచిపోయింది. నడిచినా పెద్ద ఉపయోగం లేదు. బంగ్లాదేశ్ అవతల మళ్లీ ఉన్నది మయన్మార్. మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్ మీదుగా థాయ్‌లాండ్‌లోని మే సోత్ వరకు సుమారు 1,360 కి.మీ. త్రైపాక్షిక హైవే కడుతూనే ఉన్నారు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి ఆ దారి వెంట యుద్ధం. ఇటు ఇంఫాల్ నుంచి మోరే వెళ్లే 110 కి.మీ. సంగతి 2023 నుంచి పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఈ తూర్పు దారి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లి బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చిన తరాలున్నాయి. కాకినాడ పక్కనున్న కోరంగి పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలని పిలిచేవారు. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాదిమంది భారతీయులు అడవుల్లో, కొండల్లో పడి కాలినడకన స్వదేశం దారి పట్టారు. దారిలోనే రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. విశాఖలో బర్మా క్యాంప్ అన్న పేరు ఆ దేశం నుంచి తిరిగొచ్చినవాళ్ల గుర్తే. అప్పట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మనుషులు నడిచిన దారిలో ఇవాళ టూరిస్టు బస్సు కూడా వెళ్లలేదు.

దక్షిణాన సముద్రం. ఇక్కడే మనసు చివుక్కుమంటుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి పర్షియాకు, అరేబియాకు ఓడలు వెళ్లేవి. యాత్రికులు మక్కాకు ఆ ఓడల్లోనే పోయేవారు. అంత వెనక్కి అక్కర్లేదు. 1980ల మొదట్లో కూడా విజయవాడ మనిషి రైల్లో మద్రాసు వెళ్లి, ఎం.వి. చిదంబరం అనే నౌక ఎక్కి మలేసియా, సింగపూర్‌లలో దిగగలిగేవాడు. 1980ల మధ్యలో ఆ నౌకలో అగ్నిప్రమాదం జరిగింది. సర్వీసు అక్కడితో సరి. దాని చోటులో ఇంకొకటి రాలేదు. విమానం టికెట్ చవకయ్యాక నౌక కావాలని అడిగేవాళ్లూ లేకపోయారు.

ఇప్పుడు టికెట్ కొని ఎక్కదగిన విదేశీ పడవ దక్షిణాదిలో ఒక్కటే: తమిళనాడులోని నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేసంతురై వెళ్లే ఫెర్రీ. 2023 అక్టోబర్‌లో మొదలై, ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ మొదలైంది. నాలుగు గంటల ప్రయాణం. బాగానే ఉంటుంది. కాకపోతే శ్రీలంక నుంచి ముందుకు వెళ్లడానికి మళ్లీ ఏ ప్యాసింజర్ ఓడా లేదు.

కాబట్టి భౌగోళికంగా ఉపఖండం అనిపించుకున్న మన దేశం ప్రయాణికుడి లెక్కలో ఒక ద్వీపం. సరుకుకు కాదు, మనిషికి మాత్రమే.

రక్సౌల్ గుమ్మం

మిగిలింది ఉత్తరం. విజయవాడ నుంచి హౌరా 1,230 కి.మీ., రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు బీహార్ సరిహద్దులోని రక్సౌల్. అక్కడ ఈ-రిక్షానో జట్కానో ఎక్కి వంతెన దాటితే నేపాల్‌లోని బీర్‌గంజ్. భారతీయుడికి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. ప్రపంచ యాత్ర మొత్తంలో ఇంత తేలికైన సరిహద్దు ఇంకోటి తగలదు, కాబట్టి ఆ పూట ఆనందించాల్సిందే. ఒక చిన్న జాగ్రత్త: ముందు చైనా వెళ్లేవాళ్లు ఓటరు కార్డుతో కాకుండా పాస్‌పోర్ట్‌తోనే దాటి, ఇమిగ్రేషన్ ఆఫీసు ఎక్కడుందో వెతికి ముద్ర వేయించుకోవడం మంచిది. రోజూ అటూ ఇటూ తిరిగే జనంలో పడి ముద్ర లేకుండా దాటేయడం అక్కడ చాలా సులువు.

ఖాట్మండూ నుంచి టిబెట్ సరిహద్దు కేరుంగ్‌కు దూరం తక్కువే కానీ రోడ్డు కొండ చరియల దయ. 2025 జూలై 8న వచ్చిన వరద రసువాగఢి దగ్గర రెండు దేశాల్ని కలిపే వంతెననే కొట్టుకుపోయింది. అసలు సమస్య మాత్రం రోడ్డు కాదు. టిబెట్‌లో విదేశీయుడు ఒంటరిగా తిరగడానికి వీల్లేదు. గుర్తింపు ఉన్న ఏజెన్సీ, గైడ్, పర్మిట్ ఉండాలి. నేపాల్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఖాట్మండూలో చైనా ఇచ్చేది గ్రూప్ వీసా. అది ఒక కాగితం మీద కొన్ని పేర్ల జాబితా. ఆ పేర్లన్నీ కలిసి లోపలికి వెళ్లాలి, కలిసి బయటికి రావాలి. పాస్‌పోర్ట్‌లో అప్పటికే మామూలు చైనా వీసా ఉంటే ఈ కాగితం రాగానే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. కైలాస మానస సరోవర యాత్రికులకు ఈ పద్ధతితో ఇబ్బంది లేదు, వాళ్లు వెళ్లి అదే దారిన తిరిగొస్తారు. లాసా దాటి ఇంకా ముందుకు పోవాలనుకునేవాడికే చిక్కు. ఏజెన్సీతో ముందే మాట్లాడి, తన పేరు విడిగా రాయించుకుని, లాసా తర్వాత ప్రయాణం కూడా ఆ పర్మిట్‌లోనే చూపించుకోవాలి. ఇది సాధారణంగా ఫిబ్రవరి చివర నుంచి మార్చి అంతా మూసే ప్రాంతం కూడా. అంటే బయల్దేరడానికి ఏప్రిల్‌కు ముందు ముహూర్తం లేదు.

అదంతా కుదిరితే లాసా నుంచి షినింగ్ వరకు 1,956 కి.మీ. రైలు. తంగులా కనుమ దగ్గర పట్టాలు సముద్ర మట్టానికి 5,000 మీటర్ల పైన పోతాయి. బోగీలో సీటు పక్కన ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ఏప్రిల్ ఎండలో గోదావరి వంతెన దాటిన మనిషి కొద్ది రోజుల్లోనే ఆ మంచు మైదానంలో ఉంటాడు. అంత ఎత్తుకు ఒంటిని అలవాటు చేయడానికి దారిలో ఒకట్రెండు రోజులు ఆగక తప్పదు.

ఇక మధ్య ఆసియా తేలికే. షినింగ్ నుంచి ఉరుంచీకి హైస్పీడ్ రైలు, ఖోర్గోస్ దగ్గర కజకిస్తాన్. 2022 నుంచి భారతీయులకు కజకిస్తాన్‌లో 14 రోజులు వీసా అక్కర్లేదు. అక్కడి నుంచి కాస్పియన్ సముద్రం మీద ఫెర్రీలో అజర్‌బైజాన్ వెళ్లడం పాత పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ ఫెర్రీలకు టైమ్ టేబుల్ ఉండదు. లారీలు, రైలు వ్యాగన్లు నిండినప్పుడు, గాలి బాగున్నప్పుడు బయల్దేరతాయి. పైగా అజర్‌బైజాన్ 2020 మార్చిలో కరోనా పేరుతో మూసిన సరిహద్దుల్ని ఆ తర్వాత ఏళ్ల తరబడి పొడిగిస్తూనే వచ్చింది. విమానంలో వచ్చేవాళ్లకు మాత్రం స్వాగతం! అందుకని రష్యా మీదుగా కాకసస్ కొండలెక్కి జార్జియాలోకి దిగడమే మిగిలిన దారి. జార్జియా, టర్కీ, ఇస్తాంబుల్. అక్కడి నుంచి యూరప్ రైళ్లలో సాగిపోవడమే.

అజర్‌బైజాన్ ఒక్కటే కాదు. 2024 ఫిబ్రవరిలో ఇరాన్ భారతీయులకు వీసా లేకుండా 15 రోజులు ఉండనిచ్చింది. షరతు: విమానంలో రావాలి. నేల మీద వచ్చేవాడికి వీసా కావాల్సిందే. 2025 నవంబర్‌లో ఆ సదుపాయమూ ఆపేసింది. ఈ-వీసా ఇచ్చే చాలా దేశాలు చెల్లుబాటయ్యే ప్రవేశ ద్వారాల జాబితా ఇస్తాయి. అందులో ఎయిర్‌పోర్టులన్నీ ఉంటాయి, సరిహద్దు గేట్లు ఏరికోరి నాలుగైదు. ప్రపంచంలో కాగితాలన్నీ మనిషి ఆకాశం నుంచి ఊడిపడతాడనే లెక్కతోనే తయారవుతున్నాయి.

పన్నెండు మంది లెక్క

సముద్రం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి వచ్చే ఆలోచన సరుకు ఓడ. అంత పెద్ద నౌక, అందులో సిబ్బంది పాతికమంది. మూల గదిలో ఇంకొకరు పడుకుంటే నష్టమేమిటి?

నష్టం ఓడకు కాదు, చట్టానికి. సముద్రంలో ప్రాణరక్షణ కోసం ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సోలాస్ నిబంధనల ప్రకారం 12 మందికి మించి ప్రయాణికులుంటే అది ప్యాసింజర్ నౌక. ఆ గీత దాటితే లైఫ్‌బోట్ల దగ్గర నుంచి ఓడ లోపలి గోడల దాకా నియమాలన్నీ మారిపోతాయి. అందుకే ప్రయాణికుల్ని ఎక్కించుకునే సరుకు ఓడలు ఎప్పుడూ 12 దగ్గరే ఆగేవి. కరోనాకు ముందు కొన్ని యూరప్ కంపెనీలు రోజుకు సుమారు 100 యూరోలు తీసుకుని గది, మూడు పూటల భోజనం ఇచ్చేవి. వయసు పరిమితి, డాక్టర్ సర్టిఫికెట్ ఉండేవి. 2020లో అన్నీ ఆపేశాయి. తర్వాత చాలా కంపెనీలు మళ్లీ తలుపు తీయలేదు. వేల కంటైనర్లు మోసే ఓడకు ఒక ప్రయాణికుడి టికెట్ డబ్బు చిల్లర కింద లెక్క. ఒకడికి ఒంట్లో బాగోలేక ఓడ దారి మళ్లితే ఆ ఒక్క రోజు నష్టం వందల టికెట్ల ఆదాయాన్ని మింగేస్తుంది. కంపెనీ వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేం.

పెడర్సన్ సరుకు ఓడల్లో ఎలా వెళ్లాడంటే, కంపెనీలకు ఉత్తరాలు రాసి, ఒక్కో ఓడకు ఒక్కో అనుమతి సంపాదించి, అతిథిగా. అతను డానిష్ రెడ్‌క్రాస్ ప్రచారకర్త కూడా కావడం కలిసొచ్చింది. ఒక్కో అనుమతికి వారాలు, నెలలు. పదేళ్లు పట్టడానికి కారణం దూరం కంటే ఈ ఎదురుచూపే. ఇందులో ఒక వింత కూడా ఉంది. మన దగ్గరి నుంచి మర్చంట్ నేవీలోకి వెళ్లే కుర్రాళ్లు ఓడ ఉన్న రేవుకు విమానంలోనే వెళ్తారు, కాంట్రాక్టు అయ్యాక విమానంలోనే వస్తారు. సముద్రం మీద బతికేవాడు కూడా సముద్రం దాకా గాల్లోనే పోవాలి.

కాబట్టి టికెట్ కొని అట్లాంటిక్ దాటాలంటే దారి క్వీన్ మేరీ 2. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు మామూలుగా ఏడు రాత్రులు. 2004 నుంచి నడుస్తోంది. పేరుకు విలాసమైనా నిజానికి ఇది పాత పద్ధతి లైనర్, ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు చేర్చడమే దాని పని. ఏడాది మొదట్లో మూడు నాలుగు నెలలు ప్రపంచ యాత్రకు పోతుంది కాబట్టి అప్పుడు ఈ సర్వీసు ఉండదు. తెరచాప పడవల వాళ్లతో జత కలవడం ఇంకో మార్గం. గ్రెటా థన్‌బర్గ్ 2019 ఆగస్టులో ప్లిమత్ నుంచి న్యూయార్క్‌కు రేసింగ్ పడవలో రెండు వారాల్లో చేరింది అలాగే. అందులో టాయిలెట్ స్థానంలో బకెట్ ఉండేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఆశలు అదుపులో ఉంటాయి.

అమెరికాలో న్యూయార్క్ నుంచి షికాగో, అక్కడి నుంచి కాలిఫోర్నియా జెఫిర్ రైల్లో 3,900 కి.మీ.కు పైగా పోతే శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర దిగుతాం. రెండు రాత్రులు.

పసిఫిక్‌కు ఏ లైనర్ లేదు. ఉన్నది క్రూయిజ్ కంపెనీల అవసరం. అలాస్కా సీజన్ ముగిశాక సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఆ నౌకలు ఆసియాకో ఆస్ట్రేలియాకో మకాం మారుస్తాయి. ఖాళీగా వెళ్లడమెందుకని ఒకవైపు టికెట్లు తక్కువ ధరకు అమ్ముతాయి. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ ఆసియా నుంచి అమెరికాకు. పడమర దిక్కుగా తిరిగేవాడికి శరత్కాలం, తూర్పు దిక్కుగా తిరిగేవాడికి వసంతం. ఆ వారం తప్పితే ఏడాది ఆగాలి.

తలకిందుల క్యాలెండర్

ఇక్కడి నుంచి లెక్క వెనక్కి వేసుకోవాలి. సెప్టెంబర్ చివర్లో పసిఫిక్ ఓడ అందుకోవాలంటే సెప్టెంబర్ మొదట్లో న్యూయార్క్‌లో ఉండాలి. అంటే ఆగస్టులో సౌతాంప్టన్. అంటే జూలైలో యూరప్. జూన్‌లో జార్జియా, టర్కీ. మేలో చైనా, కజకిస్తాన్. రోహిణీ కార్తె ఎండలు రాకముందే, ఏప్రిల్‌లోనే విజయవాడలో రైలెక్కాలి. సరదాగా ఎక్కడైనా రెండు వారాలు ఎక్కువ ఉందామంటే ఆ ఓడ ఆగదు.

వీసాలు ఈ క్యాలెండర్‌కు సరిగ్గా ఎదురు తిరుగుతాయి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు కంటే ముందుగా దరఖాస్తు తీసుకోరు. పైగా నివసించే దేశంలోనే పెట్టుకోమంటారు. దారిలో టిబిలీసీలో పెట్టుకుందామంటే సాధారణంగా కుదరదు. చైనా వీసా మామూలుగా ఇచ్చిన మూడు నెలల్లో వాడేయాలి. అమెరికా టూరిస్టు వీసా ఒక్కటే సాధారణంగా పదేళ్లకు వస్తుంది, కాకపోతే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ డేట్ దొరకడం ఒక యాత్ర. బ్రిటన్‌కు విడిగా ఇంకో వీసా. కాబట్టి వరస ఇది: అమెరికా అన్నిటికంటే ముందు, ఒక ఏడాది ముందే. షెంజెన్ జనవరి, ఫిబ్రవరుల్లో, ప్రవేశం తేదీ జూలై అని చూపిస్తూ. చైనా సంగతి ఆఖర్న.

ప్రతి దరఖాస్తులోనూ అడిగే ‘రానుపోను టికెట్’ దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. యూరప్‌లోకి బస్సులో వచ్చి ఓడలో వెళ్తానంటే ఆ ఫారంలో దానికి గడి ఉండదు. క్వీన్ మేరీ బుకింగ్ కాగితం, ప్రతి మజిలీ రాసిన ప్రయాణ పట్టిక, ఎనిమిది నెలలు ఉద్యోగం లేకుండా తిరిగే మనిషి మళ్లీ ఊరికి వస్తాడని నమ్మించే బ్యాంక్ స్టేట్‌మెంట్, పొలం పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, ఏదైతే అది జత చేయాలి. డేన్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికి ఇందులో సగం అక్కర్లేదు. పాస్‌పోర్ట్ కూడా 36 పేజీలది కాక 60 పేజీలది తీసుకోవడం నయం. నేల సరిహద్దుల్లో వెళ్లేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి ముద్రలు పడతాయి.

అక్టోబర్‌లో ఓడ యోకోహామా చేరిందనుకుందాం. షిమొనొసెకి నుంచి కొరియాలోని బుసాన్‌కు రాత్రి ఫెర్రీ, ఇంచియాన్ నుంచి చైనా రేవులకు ఇంకో ఫెర్రీ. కున్‌మింగ్ నుంచి లావోస్ రాజధాని వియంతియాన్‌కు 1,035 కి.మీ. రైలు మార్గం 2021 డిసెంబర్‌లో మొదలైంది. 2023 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల రైళ్లు సరిహద్దు కూడా దాటుతున్నాయి. నదికి అటువైపు థాయ్‌లాండ్, అక్కడి నుంచి రైళ్లలోనే మలేసియా, సింగపూర్ గడప దాకా. బ్యాంకాక్‌లో నిలబడితే విజయవాడ రెండు వేల కి.మీ. పైచిలుకే. కళ్లెదుటే ఉన్నట్టుంటుంది. మధ్యలో మళ్లీ అదే మయన్మార్. శీతాకాలం ముందు సింగపూర్ నుంచి గల్ఫ్ వైపు మకాం మారే క్రూయిజ్ నౌకలు కొన్ని కొచ్చిలో, ముంబైలో ఆగుతాయి. వాటిలో ఒక ముక్క టికెట్ కొనుక్కోవాలి. లేదంటే వెళ్లిన దారినే టిబెట్, నేపాల్, రక్సౌల్. ఆఖరి అడుగు కూడా మొదటి అడుగంత కష్టమే.

కాలం గురించి ఒక మాట. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బోయీలు, వంటవాళ్లు, పరివారంతో కాశీకి బయల్దేరి, తిరిగి ఇల్లు చేరేసరికి 15 నెలలు దాటింది. ఇవాళ నేల మీద, నీటి మీద భూగోళం మొత్తం చుట్టడానికి అందులో సగం చాలు. ఆయనకు వీసా గొడవ లేదు, అది వేరే సంగతి.

పోయిన రోజు, పొగ లెక్క

పడమరగా ప్రపంచం చుట్టినవాడికి ఒక రోజు తక్కువవుతుంది. క్వీన్ మేరీ న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడు దాదాపు రోజూ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. రోజుకు 25 గంటలు, హాయిగా నిద్ర. ఆ గంటలన్నీ కలిపి పసిఫిక్ నడుమ తేదీ రేఖ దగ్గర ఒక్కసారే వసూలు చేస్తారు. మంగళవారం రాత్రి పడుకుంటే గురువారం లేస్తారు. 1522లో మొదటిసారి భూమిని చుట్టి వస్తున్న స్పెయిన్ నావికులు కేప్ వర్డీ దీవుల్లో ఆగినప్పుడు ఓడ పుస్తకంలో బుధవారం ఉంది, ఒడ్డున అందరూ గురువారమన్నారు. ఎక్కడ తప్పు పోయిందో తెలియక తల పట్టుకున్నారు. ఆ మాయమైన రోజు ఏకాదశి అయితే ఉపవాసం ఎప్పుడు చేయాలో మన పంచాంగకర్తలు ఎవరూ తేల్చినట్టు లేదు.

విమానం మానేయడానికి చాలామంది చెప్పే కారణం పర్యావరణం. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతం చుట్టూ ఉంటుంది. ప్రపంచ జనాభాలో ఎక్కువమంది అసలు విమానమే ఎక్కరు కాబట్టి ఎక్కేవాడి తలకు లెక్కేస్తే అది పెద్దదే. రైలు ప్రయాణం ఆ లెక్కలో నిజంగా మేలు. క్రూయిజ్ నౌక మేలు కాదు. తేలే హోటల్‌ను, దాని ఏసీలను, ఈత కొలనుల్ని, వంటశాలల్ని మోసుకుంటూ వెళ్లే నౌక ప్రయాణికుడికి కిలోమీటరు లెక్కన విమానాన్ని మించి పొగ వదలగలదు. కార్బన్ కోసమే ఈ యాత్ర చేసేవాళ్లు పసిఫిక్ మధ్యలో ఆ నౌక బాల్కనీలో కూర్చుని ఈ సంగతి మర్చిపోవడం సులువు. దూరం కాళ్లకు తెలియాలి, భాష, తిండి, ముఖాలు ఊరి వెంట ఊరుగా మారడం చూడాలి అనుకునేవాళ్లకు ఈ ప్రయాణం న్యాయం చేస్తుంది. కారణం అదని చెప్పుకోవడంలో తప్పు లేదు.

ఎనిమిది నెలలు, అంత డబ్బు లేనివాళ్లు సముద్రం తమకు పడుతుందో లేదో ముందు చూసుకోవాలంటే విశాఖ నుంచి అండమాన్‌లోని శ్రీ విజయపురానికి (2024 దాకా దాని పేరు పోర్ట్‌బ్లెయిర్) ప్రభుత్వ నౌక ఉంది. దాదాపు రెండున్నర రోజులు. కింద బంకు క్లాసు, పైన క్యాబిన్లు. తేదీలు కొద్ది రోజుల ముందే ప్రకటిస్తారు కాబట్టి సెలవు పెట్టేటప్పుడు అటూ ఇటూ నాలుగు రోజులు వదిలిపెట్టుకోవాలి. మొదటి రోజు సాయంత్రానికి తీరం కనుమరుగవుతుంది. రెండో రోజు ఉదయం భోజనాల హాల్లో బెంచీలు సగం ఖాళీగా ఉంటాయి, జనమంతా బంకుల మీద కళ్లు మూసుకుని పడుకుంటారు. ఆ పూట ఇడ్లీ తిని నిలబెట్టుకోగలిగినవాళ్లు పసిఫిక్ గురించి ఆలోచించుకోవచ్చు. వాంతి మాత్రలు మాత్రం ఓడ కదలక ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే అవి కూడా బయటికే వస్తాయి.